పచ్చళ్ల షాపు మారుస్తున్నాం, పేరు కూడా మార్చేయమంటున్నారు. ఏది ముందు చూసుకోవాలి?

బ్రాడీపేట_పొడులు
గుంటూరు బ్రాడీపేటలో మాది పచ్చళ్లు, పొడుల షాపు. మా అత్తగారు ఇంట్లో మొదలుపెట్టిన పని. ఇప్పుడు ఒక పాత ఇంటి కింద పోర్షనులో ముందు గది షాపు, వెనక వంట. ఓనరుగారు ఆ ఇల్లు అపార్టుమెంటుకి ఇచ్చేశారు, మార్చి నెలాఖరుకి ఖాళీ చేయమన్నారు. సరిగ్గా ఆవకాయ సీజను ముందు. ఎంత టెన్షనో ఈ పనిలో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు.

లక్ష్మీపురం మెయిన్ రోడ్డులో ఒక షాపు చూశాం. చిన్నది, పైన అన్నీ కాపురాలు, మిరపకాయలు ఆడిస్తే ఆ ఘాటుకి ఊరుకోరు. అందుకని వంట గోరంట్ల వైపు ఒక షెడ్డులో, అమ్మకం లక్ష్మీపురంలో అనుకుంటున్నాం.

మా తోటికోడలి కొడుకు హైదరాబాదులో మార్కెటింగ్ చేస్తాడు. "ఎలాగూ మారుతున్నారు కదా పిన్నీ, ఆ స్వగృహ పేరు తీసేసి మంచి ఇంగ్లీషు పేరు పెట్టు, లోగో నేను చేయిస్తా" అంటున్నాడు. అమ్మవారి పేరు, పక్కన స్వగృహ ఫుడ్స్, అదీ మా బోర్డు. ఇది ఒక గొడవ. మా వంటావిడలు ఇద్దరూ గోరంట్ల అనగానే మొహం తిప్పేసుకున్నారు, అది రెండో గొడవ. కౌంటరులో ఇప్పటిదాకా మా ఆయనే కూర్చునేవారు, రెండు చోట్లా ఉండలేరు కాబట్టి ఒక అబ్బాయిని పెట్టుకోవాలి. చేతిలో ఉన్న డబ్బు అంతంత మాత్రం. దేనికి ముందు ఖర్చు పెట్టాలో చేసి చూసినవాళ్లు చెప్పండి.

ఫ్లెక్సీ_మామ
బోర్డులు చేసేవాడిగా చెబుతున్నా, నాకు బేరం పోయినా ఫర్వాలేదు. పేరూ చోటూ ఒకేసారి మార్చకండి. చోటు మారితే జనం వెతుక్కుంటూ వస్తారు. పేరు కూడా మారితే ఏమని వెతుకుతారు?

తెనాలి_టిఫిన్
మామ బేరం వదులుకోవడం ఇక్కడ ఇదే మొదటిసారి. ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసి పెట్టండి.

కూకట్‌పల్లి_డిజైనర్
మామతో నేను ఒప్పుకోను. అమ్మవారి పేరు పక్కన స్వగృహ ఫుడ్స్ అంటే అది ఏం అమ్ముతారో చెబుతుంది కానీ ఎవరు అమ్ముతున్నారో చెప్పదు. గూగుల్ మ్యాప్స్‌లో ఆ పేరు కొట్టి చూడండి, ఒక్క గుంటూరులోనే ఎన్ని వస్తాయో. మీ కస్టమరు వాళ్ల అక్కకి ఫోనులో మీ పేరు చెబుతుంది, ఆవిడ ఇంకో షాపుకి వెళ్తుంది. అక్కడ పొడి మాడిపోయి ఉంటే తిట్లు మీకు.

అలాగని ఇంగ్లీషు పేరు పెట్టమని నేనూ అనను. కందిపొడికి ఇంగ్లీషు పేరేంటండీ.

కాజా_కాకినాడ
మా వీధిలో ఒకడు "అసలైన" అని బోర్డు పెట్టాడు. పక్కవాడు "అసలు సిసలైన" అన్నాడు. మూడోవాడు "ఒరిజినల్ అసలు సిసలైన" అన్నాడు. నాలుగోవాడి కోసం అందరం ఎదురుచూస్తున్నాం.

లెక్కల_పంతులు
పేరు సంగతి ఇష్టాయిష్టాలతో కాకుండా కాగితం వైపు నుంచి చూడండి. 1999 ట్రేడ్‌మార్కుల చట్టం 9వ సెక్షన్ ప్రకారం సరుకు రకాన్నీ, నాణ్యతనీ, పుట్టిన ఊరినీ చెప్పే మాటలు ఒక్కరి సొంతం చేయరు. స్వగృహ, ఇంటి రుచి, గుంటూరు పొడులు, ఇవన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. దేవుళ్ల పేర్లు ఊరంతా వాడతారు కాబట్టి వాటితోనూ పెద్దగా పట్టు దొరకదు. బోర్డు మీద పెట్టుకోవచ్చు, పక్కవాడిని మాత్రం ఆపలేరు.

కొత్త పేరు ఏది అనుకున్నా ముందు ట్రేడ్‌మార్కులు చూసే ప్రభుత్వ ఆఫీసువాళ్ల ఐపీ ఇండియా వెబ్‌సైటులో పబ్లిక్ సెర్చ్ చేయండి, పైసా ఖర్చు లేదు. సరుకుల్ని క్లాసులుగా విడదీస్తారు, పచ్చళ్లు 29వ క్లాసు. మసాలాలు, కారప్పొడులు, మిఠాయిలు 30వ క్లాసు. రెండింటిలోనూ వెతకాలి. ఆన్‌లైనులో దరఖాస్తు చేస్తే వ్యక్తులకీ చిన్న సంస్థలకీ క్లాసుకి 4,500 రూపాయలు, మిగతావాళ్లకి 9,000. మన రెండు రాష్ట్రాలకీ చెన్నై ఆఫీసే. ట్రేడ్‌మార్కుల జర్నల్‌లో వేశాక నాలుగు నెలలపాటు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. రిజిస్టరైతే దరఖాస్తు పెట్టిన తేదీ నుంచి 10 ఏళ్లు, తర్వాత పొడిగించుకోవచ్చు. ఈలోపు పేరు పక్కన టీఎం అని వేసుకోవచ్చు. సున్నాలో ఆర్ అక్షరం మాత్రం రిజిస్టరయ్యాకే, ముందే వేస్తే నేరం. లేబుళ్లు చేసేవాళ్లు అందంగా ఉంటుందని అడక్కుండానే వేసేస్తారు, చూసుకోండి.

ఏళ్ల తరబడి వాడుతున్న పేరు మీద వాడకం వల్లే కొంత హక్కు వస్తుంది. దానికి సాక్ష్యం మీ పాత బిల్లులు, లేబుళ్లు, లైసెన్సు కాపీలు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు మొదట తూకానికి పోయేవి అవే.

బ్రాడీపేట_పొడులు
పంతులుగారూ, బిల్లు పుస్తకాలన్నీ అటక మీద ఉన్నాయి. నిన్ననే మా ఆయన పాత పేపర్లవాడిని పిలుస్తానన్నారు, ఆపేశాను.

డిజైనర్‌గారు చెప్పినట్టు మ్యాప్స్‌లో కొట్టి చూశాను. మా పేరుతోనే చాలా వచ్చాయి, రెండు అయితే మా పక్క లైన్లలోనే. అసలు మమ్మల్ని ఎవరూ బోర్డు పేరుతో పిలవరు. "మెట్ల కింద పచ్చళ్లు" అంటారు. ఆ ఇంటి మెట్ల కింద నుంచి వంగి లోపలికి రావాలి కదా, అందుకు. ఆటోవాళ్లకి కూడా అలా చెబితేనే తెలుస్తుంది.

కూకట్‌పల్లి_డిజైనర్
అక్కా, పేరు దగ్గర పెట్టుకుని ఊరంతా వెతుకుతున్నారు.

ఫ్లెక్సీ_మామ
కొత్త షాపుకి మెట్లున్నాయా?

బ్రాడీపేట_పొడులు
లేవు. షట్టరు తీస్తే రోడ్డే.

పలాస_జీడి
లేకపోతే ఏం? చింతచెట్టు కొట్టేసి ఎన్నేళ్లయినా బస్సు స్టాపు చింతచెట్టు స్టాపే. జనం పెట్టిన పేరు జనం మార్చరు.

లెక్కల_పంతులు
నాకూ నచ్చింది. పచ్చడి రకాన్ని గానీ రుచిని గానీ చెప్పదు కాబట్టి రిజిస్ట్రేషన్‌కీ అనువైన పేరు. "పచ్చళ్లు" అన్న మాట మీద హక్కు రాదు, "మెట్ల కింద" మీద రావచ్చు. సెర్చ్ చేశాకే ఖాయం చేసుకోండి.

తెనాలి_టిఫిన్
అందరూ చప్పట్లు కొడుతున్నారు గానీ ఇంట్లో అత్తగారు ఉన్నారని మర్చిపోయారు. అమ్మవారి పేరు బోర్డు మీంచి తీస్తానంటే ఆవిడ ఊరుకుంటారా? మా అమ్మ అయితే ఆ బోర్డు కింద అడుగు కూడా పెట్టదు.

ఫ్లెక్సీ_మామ
దానికి మా దగ్గర ఎప్పటి నుంచో ఉన్న మందు ఉంది. పైన చిన్న అక్షరాలతో అమ్మవారి పేరు, మధ్యలో పెద్ద అక్షరాలతో "మెట్ల కింద పచ్చళ్లు". పాత పేరు పోలేదు, కొత్త పేరు వచ్చింది. ఏడాది తర్వాత ఎవరికీ తేడా తెలియదు. పాత బోర్డు పసుపూ ఎరుపూ అయితే కొత్తదీ అదే రంగుల్లో ఉంచండి. కళ్లు ముందు రంగునే గుర్తుపడతాయి.

ఇంకో మాట. బోర్డు ఇప్పుడే గట్టిది చేయించకండి. మొదట మామూలు ఫ్లెక్సీ కట్టండి. షట్టరు ముందు చెట్టు కొమ్మ అడ్డం వస్తుందా, ఎదురు రోడ్డు నుంచి కనబడుతుందా అన్నది నిలబడి చూస్తేనే తెలుస్తుంది. ఫ్లెక్సీ రంగు ఎలాగూ ఎండాకాలం దాటదు, అప్పుడు ఏసీపీ షీటు (అల్యూమినియం పలక) మీద అక్షరాలు, లోపల లైట్లు పెట్టించుకోవచ్చు.

కూకట్‌పల్లి_డిజైనర్
ఈసారి మామతో ఒప్పుకుంటున్నా, తేదీ రాసి పెట్టుకోండి. లోగోకి ఇప్పుడు డబ్బు పెట్టకండి. మంచి తెలుగు అక్షరాలు చేతిరాతగా రాయించుకోండి, అదే లోగో. మీ తోటికోడలి కొడుక్కి ఫొటోలు తీసే పని అప్పగించండి, బాధపడడు.

వరంగల్_బేకరీ
పేరు సరే, పాత చోటు సంగతి ఎవరూ మాట్లాడటం లేదు. హనుమకొండలో మేం షాపు మార్చాక ఆ షట్టరు ఓనరు దాన్ని ఇంకో బేకరీకే ఇచ్చాడు. బోర్డు అదే రంగు, పేరులో ఒక్క అక్షరం తేడా. జనం మేమే అనుకుని కేకులు కొన్నారు. పుట్టినరోజు కేకు బాగాలేదని ఒకాయన మా కొత్త షాపుకి వచ్చి కొట్లాడాడు. బిల్లు చూపించమంటే అప్పుడు చూసుకున్నాడు పేరు.

మీ పాత ఇల్లు పడగొడుతున్నారు కాబట్టి ఆ బాధ మీకు లేదు. కానీ పడగొట్టాక చుట్టూ రేకులు కడతారు కదా. ఆ బిల్డరుతో ఇప్పుడే మాట్లాడి, రేకుల మీద "మారిన చిరునామా" ఫ్లెక్సీ కట్టుకోనివ్వమని అడగండి. నాలుగు సీసాల గోంగూర ఇస్తే కాదనడు. పక్కింటివాళ్లకీ, ఎదురు ఇస్త్రీ బండి ఆయనకీ, మూల మీద కిరాణా కొట్టుకీ మీ కార్డులు ఇచ్చి ఉంచండి. వెతుక్కుంటూ వచ్చినవాళ్లు మొదట అడిగేది వాళ్లనే.

కూకట్‌పల్లి_డిజైనర్
దీనికి కలిపి: గూగుల్‌లో కొత్త షాపు పేరుతో కొత్త ప్రొఫైల్ తెరవకండి. ఉన్నదాంట్లోనే అడ్రసు, పేరు మార్చండి, అప్పుడే పాత రివ్యూలు మీతో వస్తాయి. మార్చాక మళ్లీ వెరిఫై చేయమని వీడియో అడగొచ్చు. అందులో బోర్డు, వీధి, షట్టరు తాళం తీయడం కనబడాలి కాబట్టి బోర్డు కట్టాకే మొదలుపెట్టండి. మరీ ముందు మార్చారనుకోండి, జనం తాళం వేసిన షట్టరు ముందు నిలబడతారు.

తెనాలి_టిఫిన్
ఫోను నంబరు కూడా చూసుకోండి. మా పక్కన క్యాటరింగ్ చేసే ఆయన దగ్గర ఆర్డర్లు తీసుకునే కుర్రాడు సొంత నంబరే కార్డుల మీద వేయించాడు. రెండేళ్లు అన్నీ బాగానే నడిచాయి. పెళ్లిళ్ల సీజనుకి ముందు వాడు మానేసి సొంతంగా పెట్టుకున్నాడు. కార్డులున్న వాళ్లందరూ వాడికే ఫోను చేశారు. చట్టప్రకారం వాడు చేసింది ఏమీ లేదు, నంబరు వాడిదే కదా.

సిమ్ మీ పేరు మీదో, మీ ఆయన పేరు మీదో ఉండాలి. వాట్సాప్ బిజినెస్ దాని మీదే. కౌంటరు అబ్బాయికి ఫోను ఇవ్వండి, నంబరు ఇవ్వకండి.

ఫ్రిస్కో_పిన్ని
నేను టెక్సస్ నుంచి. కొనేవాళ్ల వైపు మాట కూడా వినండి. మా అమ్మ గుంటూరులో కొని ఎవరైనా వస్తుంటే పంపిస్తుంది. బోర్డు నేను ఎప్పుడూ చూడలేదు, పాకెట్ మీద పేరు కూడా సరిగా చదవను. కాకరకాయ కారం రుచి మారితే మాత్రం మర్నాడే అమ్మకి ఫోను చేసి "వంటమనిషిని మార్చారా?" అని అడుగుతాను. ఇక్కడందరూ బోర్డు గురించి మాట్లాడుతున్నారు, ఆవిడేమో వంటావిడలు రానంటున్నారు అని రాసింది!

పాకెట్ల మీద పదార్థాల పేర్లు ఇంగ్లీషులో కూడా వేయించండి. కొరియరువాళ్లు అదే అడుగుతారు.

పలాస_జీడి
పిన్నిగారి మాటకి నా ఓటు. జీడిపప్పు ఒలిచే పని అంతా ఆడవాళ్లదే, ఇరవై ఏళ్లుగా వాళ్లతో పనిచేయిస్తున్నాను. "దూరం" అని చెప్పారంటే అసలు కారణం దూరం కాకపోవచ్చు. బ్రాడీపేట నుంచి గోరంట్ల ఎంతనీ? మీరు ఆ షెడ్డుకి వాళ్లని తీసుకెళ్లి చూపించారా? అక్కడ బాత్రూము ఉందా, దానికి లోపల గడియ ఉందా, నీళ్లు వస్తాయా? సాయంత్రం ఆరు దాటితే ఆ రోడ్డు మీద లైట్లున్నాయా? ఈ మాటలు వాళ్లు మగవాళ్ల ముందు అనరు. మీ ఆయన అడిగి ఉంటే "దూరమండీ" అనే చెబుతారు. మీరు ఒక్కరే కూర్చుని అడగండి.

మేం షెడ్డు మార్చినప్పుడు చేసింది ఒకటే. నెల జీతానికి ఒక ఆటో మాట్లాడాం, పొద్దున తెచ్చి సాయంత్రం దింపుతుంది. ఆ ఖర్చు కొత్తవాళ్లకి పని నేర్పే ఖర్చు ముందు ఎంత? పొడులు వేయించే చేతికి మంట ఎక్కడ తగ్గించాలో తెలియడానికి ఎన్ని మూకుళ్లు మాడతాయో మీకే తెలుసు.

తెనాలి_టిఫిన్
ఆటో సరే. మా దగ్గరైతే తలా పాతిక వేలు అడ్వాన్సు ఇచ్చేస్తారు. బాకీ ఉన్నంత కాలం ఎక్కడికీ పోరు.

పలాస_జీడి
టిఫిన్‌గారూ, ఆ మాట ఇలా రాతలో పెట్టకండి. బాకీ తీరేదాకా పని మానకూడదు అని పట్టుకోవడం 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కింద నేరం. అవసరానికి అప్పు ఇవ్వడం వేరు, దాంతో కట్టేయడం వేరు. చట్టం సంగతి పక్కన పెట్టినా, వెళ్లాలనుకున్న మనిషి అప్పు ఎగ్గొట్టి మరీ వెళ్తుంది. డబ్బూ పోతుంది, మనిషీ పోతుంది, ఊళ్లో మాటా పోతుంది.

తెనాలి_టిఫిన్
నేను చేస్తానని అనలేదు, చేస్తారని అన్నాను. కానీ సంక్రాంతి ముందు మాస్టర్ చెప్పా పెట్టకుండా మాయమైతే ఆ బాధ మీకేం తెలుసు? జీడిపప్పు ఒక రోజు ఆగుతుంది, ఇడ్లీ పిండి ఆగదు.

కాజా_కాకినాడ
మాస్టర్ మాయమవడం స్వీట్ల వాళ్లందరికీ పండగ ముందు వచ్చే మామూలు జ్వరమే. మేం బోనసును రెండుగా చేశాం, దసరాకి సగం, సంక్రాంతి అయిన మర్నాడు సగం. ముందే చెప్పి, కాగితం మీద రాసి ఇస్తాం. అప్పటి నుంచి పండగ ముందు మాయమయ్యేవాళ్లు తగ్గారు. పూర్తిగా పోలేదు, అబద్ధం ఎందుకు.

ఇక ముఖ్యమైనది. షెడ్డు విడిగా, షాపు విడిగా అంటున్నారు కదా, ఫుడ్ లైసెన్సు చోటుని బట్టి ఇస్తారు. ఇప్పుడున్నది బ్రాడీపేట అడ్రసుకి. అది లక్ష్మీపురానికి మోసుకుపోవడం కుదరదు, కొత్తగా పెట్టుకోవాలి. తయారీకి గోరంట్లలో ఒకటి, అమ్మకానికి లక్ష్మీపురంలో ఒకటి. నంబరు మారుతుంది. పాకెట్ మీద ఆ 14 అంకెల నంబరు, తయారీ అడ్రసు ఉండాలి కాబట్టి పాత లేబుళ్లు పనికిరావు. ఆవకాయ సీజను కోసం లేబుళ్లు ఎక్కువగా కొట్టించే అలవాటుంటే ఈసారి కొత్త నంబరు వచ్చేదాకా ఆగండి. షెడ్డు అద్దె ఒప్పందం అయిన రోజే దరఖాస్తు పెట్టేయండి.

బ్రాడీపేట_పొడులు
లేబుళ్ల ఆర్డరు రేపు ఇద్దామనుకున్నాం, ఆపేస్తున్నాను.

పలాస అన్నగారూ, మీరు చెప్పినట్టే మధ్యాహ్నం మా ఆయన లేనప్పుడు ఇద్దరితో కూర్చున్నాను. పెద్దావిడకి దూరం బాధ కాదు. మూడున్నరకి మనవరాలిని బడి నుంచి తీసుకురావాలి, ఇన్నాళ్లూ మధ్యలో వెళ్లి వచ్చేది, మాకు తెలియనే తెలియదు. రెండో ఆవిడ ఆ షెడ్డు వైపు ముందొకసారి పనికి వెళ్లిందట, బాత్రూము లేక మానేసిందట. షెడ్డు ఓనరు "వెనక ఖాళీ స్థలం ఉంది కదా" అన్నాడు మాతో, ఆ మాట నేను అప్పుడు పట్టించుకోలేదు.

పలాస_జీడి
అయితే లోగో డబ్బు ఎక్కడ పెట్టాలో తేలిపోయింది. బాత్రూము కట్టించండి. అడ్వాన్సులో తగ్గించుకుంటానని ఓనరుతో మాట్లాడి, ఆ మాట ఒప్పందంలో రాయించండి. పెద్దావిడ పొద్దున ఏడుకి వచ్చి మూడుకి వెళ్లేలా పెట్టుకోండి. వేయించే పనులన్నీ చల్లటి పూటే అయిపోతే మీకూ మంచిదే.

లెక్కల_పంతులు
జీఎస్టీ సంగతి. షాపు అడ్రసు మారితే 15 రోజుల్లో పోర్టల్‌లో సవరణ పెట్టాలి. గోరంట్లని అదనపు వ్యాపార స్థలంగా చేర్చాలి. అద్దె ఒప్పందం, ఓనరు పేరున కరెంటు బిల్లో ఇంటిపన్ను రసీదో అడుగుతారు. ఈ కాగితాలు అడ్వాన్సు ఇచ్చే ముందే తీసుకోండి, ఇచ్చాక ఓనర్లకి తీరిక ఉండదు. మీరు మామూలు రిజిస్ట్రేషనా, కాంపోజిషనా (చిన్న వ్యాపారులు అమ్మకం మీద తక్కువ శాతం కట్టేసే పద్ధతి)? బయటి ఊళ్లకి పంపుతారా?

బ్రాడీపేట_పొడులు
కాంపోజిషన్. హైదరాబాదుకి బస్సు పార్సిళ్లు వారం వారం వెళ్తాయి. అవే మాకు మంచి బేరం.

లెక్కల_పంతులు
అనుకున్నాను. హైదరాబాదు ఇప్పుడు వేరే రాష్ట్రం. కాంపోజిషన్‌లో ఉన్నవాళ్లు రాష్ట్రం దాటి సరుకు అమ్మకూడదు. ఆ పార్సిళ్లే మంచి బేరం అంటున్నారు కాబట్టి మామూలు రిజిస్ట్రేషన్‌కి మారాల్సిందే. చిన్న వ్యాపారం, పరిమితి లోపే ఉన్నాం, రిజిస్ట్రేషనే అక్కర్లేదు అని ఎవరైనా చెప్పినా వినకండి. వేరే రాష్ట్రానికి సరుకు అమ్మితే 40 లక్షల పరిమితి లెక్కలోకి రాదు.

మారితే అద్దె దగ్గర ఒకటి వస్తుంది. ఓనరుకి జీఎస్టీ లేకపోయినా, వ్యాపార స్థలం అద్దె మీద 18 శాతం అద్దెకున్నవాళ్లే కట్టాలని 2024 అక్టోబరు 10 నుంచి పెట్టారు. కాంపోజిషన్ వాళ్లని 2025 జనవరి 16 నుంచి వదిలేశారు. మీరు మామూలుకి మారితే రెండు అద్దెల మీదా కట్టాలి. కట్టినది క్రెడిట్‌గా, అంటే మీరు కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవచ్చు, కానీ ముందు చేతిలోంచి పోతుంది కదా. నెల ఖర్చు లెక్కలో అది కలపకుండా లక్ష్మీపురం అద్దె బేరం ఖాయం చేయకండి. పార్సిళ్ల పాత లెక్కలు కూడా మీ ఆడిటరు ముందు పెట్టండి, ఆ మాట ఇక్కడ తేలేది కాదు.

వరంగల్_బేకరీ
మాకు తెలంగాణలో 20 లక్షలకే రిజిస్ట్రేషన్, మీకు 40. ఎప్పుడు చూసినా మీరే అదృష్టవంతులు.

తెనాలి_టిఫిన్
రాజధాని మీ దగ్గరే ఉంది కదన్నా, ఇదైనా మాకుండనీ.

మోడరేటర్
ఆ దారిలోకి వెళ్లకండి. పచ్చళ్లకి రండి.

వరంగల్_బేకరీ
కౌంటరు అబ్బాయి గురించి. తెలిసినవాళ్ల పిల్లాడు అని వెంటనే పెట్టేసుకోకండి. వారం రోజులు జీతం ఇచ్చి పని చూడండి, ఆ వారంలో ఒక్కటే గమనించండి: తెలియనిది అడిగినప్పుడు "కనుక్కుని చెబుతా" అంటాడా, నోటికొచ్చింది చెబుతాడా. నూనె ఏది వాడారు అని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు మీ దగ్గర.

క్యూఆర్ కోడ్ మీ ఖాతాదే ఉండాలి, డబ్బు పడినట్టు చెప్పే డబ్బా కౌంటరు మీద ఉండాలి. మా దగ్గరి ఒక కొట్టులో పనివాడు మధ్యాహ్నం పూట సొంత క్యూఆర్ స్టిక్కరు పైన అంటించి సాయంత్రం తీసేసేవాడు. డబ్బా మోగడం లేదని చెవిన పడి పట్టుకున్నారు.

బడి మానేసిన పిల్లాడెవడో ఉన్నాడు, తక్కువకి వస్తాడు అని ఎవరో ఒకరు తెస్తారు. 14 ఏళ్ల లోపు పిల్లలని పనిలో పెట్టుకోవడం నేరం, ఆధార్ చూడకుండా ఎవరినీ నిలబెట్టకండి.

లెక్కల_పంతులు
ముగ్గురికీ నియామక పత్రం ఇవ్వండి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌ల ప్రకారం 10 మంది, ఆపైన ఉన్న చోట అది తప్పనిసరి, మీకు కాకపోయినా ఇవ్వడం మంచిది. పెద్ద భాష అక్కర్లేదు. పేరు, పని, వేళలు, జీతం, ఏ తేదీన ఇస్తారు, సెలవులు, మానేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి. తెలుగులోనే రాసి చదివి వినిపించండి. 10 మంది అయితే ఈఎస్ఐ, 20 మంది అయితే పీఎఫ్. ఇంకా అంత దూరం రాలేదు మీరు.

ఫ్రిస్కో_పిన్ని
వంటావిడలకి రహస్యం తెలిసిపోతుందని భయం లేదా? మా అమ్మ పులిహోర పొడి కొలతలు నాకే చెప్పదు.

కాజా_కాకినాడ
మాకు తెలిసిన ఒకాయన మసాలా ఇంట్లో కలిపి మూటలు కట్టి పంపుతాడు, వంటవాళ్లకి మూట సంఖ్యే తెలుసు. పొడులకి అది కొంతవరకు కుదురుతుంది. కానీ చూపు మీద ఆధారపడిన పనిలో రహస్యం కాగితం మీద ఉండదు కదా, మూకుడు ముందున్న మనిషి దగ్గరే ఉంటుంది. మూట కట్టి ఏం చేస్తాం?

తెనాలి_టిఫిన్
సామాను తరలించేటప్పుడు: నిండు జాడీలు ఆటోలో వేయకండి. పచ్చడి మూతల డబ్బాల్లోకి తీసి, ఖాళీ జాడీలు కడిగి ఎండబెట్టి, ఊక పోసిన గోనెల్లో పెట్టి పంపండి. అత్తగారి జాడీ ఏదైనా ఉంటే మీ ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లండి, లారీవాడికి ఇవ్వకండి.

గ్రైండర్లకి షెడ్డులో త్రీఫేజ్ ఉందా? ఆ మీటరు మీద పాత బకాయి ఉందేమో సర్వీసు నంబరుతో చూసుకోండి. ముందువాడి బాకీ ఉంటే లైను కట్ చేసేది మీరున్నప్పుడే.

బ్రాడీపేట_పొడులు
రెండు రోజులుగా ఇదే పని మీద ఉన్నాను. సర్వీసు నంబరు కొట్టి చూస్తే బకాయి ఉంది, ఓనరు కట్టాకే ఒప్పందం అన్నాం. బాత్రూముకి ఒప్పుకున్నాడు, అడ్వాన్సులో తగ్గించుకుంటాడు. రెండో ఆవిడ అది చూశాకే వస్తానంది, పెద్దావిడ ఏడు నుంచి మూడుకి సరే అంది. బోర్డు మీద పైన చిన్నగా అమ్మవారి పేరు అంటే అత్తగారు కాసేపు ఏమీ అనలేదు, తర్వాత "పసుపు రంగు మార్చకు" అన్నారు. ఉగాదికి షాపులో పాలు పొంగించమన్నారు, సరుకు ఆ తర్వాత వారం మారుస్తాం. పార్సిళ్ల లెక్కలతో రేపు ఆడిటరుగారి దగ్గరికి.

లక్ష్మీపురం అద్దె మాత్రం పంతులుగారి 18 శాతం కలిపితే ఎక్కువే అవుతోంది. ఓనరుతో ఇంకోసారి బేరం ఆడాలి.

కూకట్‌పల్లి_డిజైనర్
అది కుదరకపోతే మెయిన్ రోడ్డే కావాలని పట్టు పట్టకండి అక్కా. మెట్ల కింద వంగి వచ్చినవాళ్లు పక్క సందులోకి రారా? అదే లక్ష్మీపురంలో లోపలి లైనులో అద్దె సగం ఉంటుంది.

వరంగల్_బేకరీ
నేను ఒప్పుకోను. వెతుక్కుని వచ్చేవాళ్లు పాతవాళ్లే. కొత్తవాళ్లు దారిన పోతూ చూసి ఆగాలి. ఇన్ని తిప్పలు పడి మళ్లీ సందులోకేనా?

ఫ్లెక్సీ_మామ
రెండు చోట్లా షట్టరు వెడల్పు, ఎత్తు కొలిచి పంపమ్మా, ఏది ఖాయమైతే దానికి చేస్తా. జీఎస్టీ నంబరు బోర్డు మీద ఉండాలి, కాంపోజిషన్ వదిలేశాకే నంబరు కింద ఏం రాయాలో పంతులుగారిని అడిగి చెప్పు. ఫ్లెక్సీకి ఒక రోజు చాలు, ఉగాది ముందు వారం మాత్రం నన్ను ఎవరూ అడగొద్దు, అన్నీ శుభాకాంక్షల ఫ్లెక్సీలే.